మా ఇంటి పనేనండి

ఆత్రేయపురంలో పూతరేకుని చూసి అది ఎవరి చేతిదో చెప్పేస్తారు. మా పక్కింటి చిన్నమ్మలు తీసిన రేకుని వెలుతురుకి పెడితే అవతలి మనిషి కనిపించేవాడు. మా రెండిళ్ళకీ మధ్య దడే అడ్డం. ఇద్దరం దుర్గాప్రసాద్ గారి కొట్టుకే తీస్తాం. బియ్యం ఆయనవి, కుండ ఆయనది, కింద మండే కొబ్బరి కమ్మలు ఆయనవి, రేటూ ఆయనదే. పెంచమంటే, "గిట్టకపోతే ఇంకో కొట్టుకి తియ్యండమ్మా, ఎవరు కాదన్నారు?" అంటారు. ఎంత మర్యాదో. ఊళ్ళో కొట్లన్నిటిదీ అదే రేటు. మాకున్న స్వేచ్ఛ ఇదీ.

కిందటేడు లేబరాఫీసరు పనివాళ్ళ పేర్లు రాసుకోడానికి వచ్చారు. "ఎవరి దగ్గర చేస్తున్నారమ్మా?" అని అడిగితే, చిన్నమ్మలు ఆయనకి మజ్జిగిచ్చి మరీ, "ఎవరి దగ్గరా కాదండి. మా ఇంటి పనేనండి" అని చెప్పి సంతకం పెట్టింది. రేకుని కూలికి తీస్తున్నామని మా ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. అత్తగారు కోడలికి నేర్పే విద్య. కూలి అంటే ఇంటి పరువు పోతుందని మా పిచ్చి.

ఈ మాఘంలో రేకు తీస్తుండగా పొయ్యి మీదున్న కుండ పగిలింది. చిన్నమ్మలు కుడిచెయ్యి కింద మంటలో పడి మణికట్టు దాకా కాలిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని వీధిలో ఒకావిడ అంది. సామెతకైనా సమయం ఉండొద్దూ? వేళ్ళు అతుక్కుపోయాయి, ఆపరేషన్ ఆలస్యమైతే ఇక విడవు అన్నారు డాక్టరు. మొగుడు పోయిన మనిషి. ఆ చెయ్యే ఆ ఇంటికి ఆధారం.

దుర్గాప్రసాద్ గారు పళ్ళు పట్టుకుని చూడ్డానికొచ్చారు. "నేను రేకులు కొనుక్కునేవాణ్ణమ్మా. యజమానిని కాదు కదా" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిణ్ణి లేబరాఫీసుకి నేనే తీసుకెళ్ళాను. దారంతా ఆయన్ని తిడుతూనే ఉన్నాను.

ఆఫీసరు పాత కాగితం తీసి చూపించారు. "యజమాని కింద పనైతే పరిహారం అడగొచ్చమ్మా. మీరే సొంత పనని రాయించేరు."

"కొట్టెయ్యండి బాబూ. నేను కూలిదాన్నేనండి. అలాగే రాయండి" అంటూ కట్టుకట్టిన చెయ్యి బల్ల మీద పెట్టింది. అంత పరువు మనిషి, అందరి ముందూ అన్న మాట అది.

"ఆయన పనే చేసేరని చెప్పడానికి సాక్షి ఉన్నారా? ఒక్కరు చాలు."

"ఆయ్, ఉన్నారండి" అంది చిన్నమ్మలు నా వైపు తిరిగి.

దుర్గాప్రసాద్ గారు మాన్పించిన మనిషిని ఇంకే కొట్టువాడూ పిలవడు. సిగ్గుతో చచ్చిపోతూ నేల చూస్తూ నిలబడ్డాను.

"ఆలోచించుకుని రండమ్మా" అన్నారు ఆఫీసరు.

మర్నాడు పొద్దున్న కొట్టు ఆటో మా గుమ్మం ముందాగింది. నా బియ్యంతో పాటు చిన్నమ్మలు వంతు బియ్యం కూడా దింపారు. ఆవిడ వాళ్ళ వాకిట్లో నిలబడి చూస్తోంది. రెండు వంతులూ నానబోశాను.