అట్లతద్ది చంద్రుడికి అడ్డొచ్చిన మచ్చ

పెళ్లయిన దగ్గర్నుంచి మామయ్యగారి క్షేమం కోసం మా అత్తయ్య ఒక్క అట్లతద్ది కూడా వదల్లేదు. తెల్లవారకముందే గోంగూర పచ్చడితో ఇంత అన్నం తింటే, మళ్లీ చంద్రుణ్ణి చూసేదాకా మంచినీళ్లయినా ముట్టదు. ఆ ఏడు ఆవిడ మోకాలికి కట్టు పడింది. మేడ ఎక్కలేదు. కింద నుంచి చూద్దామంటే తూర్పున పత్తి జిన్నింగు మిల్లు గోడ అడ్డం. చంద్రుడు దాన్ని దాటి కనపడేసరికి ఏ పదో అవుతుంది. అసలే షుగరు మనిషి. ముందు తినండి అంటే వినే రకం కాదు. ఆవిడ తినందే నేనెలా తింటాను? నాకేమో ఆకలి దంచేస్తోంది.

మా ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. మేడ మీద ఆయనకో టెలిస్కోపు ఉంది, నా పాలిటి సవతి.

"చంద్రుణ్ణి నేను కిందికి దింపుతానమ్మా" అంటూ, కన్ను పెట్టి చూసేచోట వేలెడంత కెమెరా బిగించి, దాని వైరు మెట్ల మీదుగా తెచ్చి హాల్లో టీవీకి కలిపారు.

"టీవీలో బొమ్మ చూసి ముద్ద దిగుతుందట్రా నాకు?" అని గొణుగుతూనే అత్తయ్య కుర్చీ ముందుకి జరిపించుకుంది.

చంద్రుడు మేడ మీదికి వచ్చాడు గానీ టీవీలోకి రాలేదు. వైరు ఊడిందని తేలింది. బిగిస్తే ధగధగలాడుతూ వచ్చాడు, సరిగ్గా నడిమధ్యన ఇంత నల్లటి మచ్చతో.

"చంద్రుడికి మచ్చ ఉంటుందని తెలుసు, మరీ ఇంతా?" అంది అత్తయ్య.

పైనుంచి ఆయన "పోయిందా?" అని అరవడం, కింద నుంచి నేను "లేదండీ" అని అరవడం. మిల్లు నుంచి ఎగిరొచ్చిన దూది అద్దం మీద పడిందేమోనని తుడిచారు. పోలేదు. టెలిస్కోపు కాస్త పక్కకు తిప్పితే చంద్రుడు జరిగాడు, మచ్చ జరగలేదు. కెమెరాను గుండ్రంగా తిప్పితే చంద్రుడు తిరిగాడు, మచ్చ ఉన్నచోటే ఉంది.

"అయితే జబ్బు కెమెరాలోనే ఉందోయ్!" అని అరిచి, దాన్ని ఊడదీసి కిందికి తెచ్చి టార్చి వేసి చూశారు. లోపలి గాజు మీద ఎర్రగా, ముద్దుగా, కుంకుమ బొట్టు!

దసరాకి కుట్టు మిషనుతో పాటు ఆ కెమెరానీ పీట మీద పెట్టి పూజ చేసింది అత్తయ్యే.

"నుదురు ఎక్కడుందో తెలియలేదురా. కన్ను కనపడితే అక్కడే అగరొత్తి పుల్లతో పెట్టా" అంది ఏమాత్రం తొణక్కుండా. పడీ పడీ నవ్వాం. ఆకలితో నవ్వితే డొక్కలు ఎంత నొప్పెడతాయో ఆ రోజే తెలిసింది.

ఆయన బొట్టు తుడిచి మేడ మీదికెళ్లి కెమెరా మళ్లీ బిగించగానే మచ్చ మాయమైంది. గుంటలతో సహా చంద్రుడు తెర నిండా వెలిగాడు. అత్తయ్య మాత్రం చేతులు జోడించలేదు. అనుమానంగా చూస్తోంది. ఇక ఈ పూటకి మా ఇద్దరికీ పస్తే అనుకున్నాను.

ఇంతలో చంద్రుడు మెల్లగా తెర పక్కకి జరగసాగాడు. ఆ మాటే పైకి అరిచి చెప్పాను.

"అమ్మా, జారిపోతున్నాడు. ఆయన వెంటే టెలిస్కోపుని తిప్పే మోటారు లేదుగా! ఇదొక్కటీ నావల్ల కాదు" అన్నారు పైనుంచి ఆయన, నీరసంగా.

"బాగు చేయకురా, అలాగే ఉండనీ!" అత్తయ్య కుర్చీలోంచి సగం లేచింది. "బొమ్మయితే ఉన్నచోటే ఉండేది. ఈయన నడుస్తున్నాడు!"

అంచు దాటిపోయేదాకా కళ్లార్పకుండా చూసి దండం పెట్టుకుంది. "అమ్మాయ్, అట్లు పట్రా" అంది.

నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి నాకు. వంటింట్లోకి పరుగెత్తాను.