మూడు నిమిషాల బొమ్మ

రాజారత్నం చేతికి మామిడి గుజ్జు డబ్బా చిక్కితే చాలు, కెమెరా అయిపోతుంది. లోపలంతా నల్లరంగు, పక్కన సూదిమొనంత రంధ్రం, దాని మీదో నల్ల టేపు, అంతే. పుత్తూరులో ఆయనకు ఫొటో స్టూడియో ఉండేది. ఫోన్లొచ్చి అది మూతపడ్డాక, బడులు తిరుగుతూ పిల్లలకు ఈ విద్య నేర్పుతున్నాడు. నేను సైన్సు చెప్పే బడికి మూడేళ్లుగా వస్తున్నాడు. తొలి ఏడాది డబ్బాలు సరిగ్గా కడగలేదు. తీపికి చీమలు దూరి బొమ్మల నిండా బారులు తీరాయి. అప్పటినుంచి ప్రతి డబ్బా తను వాసన చూసిగానీ పిల్లలకివ్వడు.

మనిషి మంచివాడే, కాగితం దగ్గరే మహా పిసినారి. స్టూడియోలో మిగిలిన పాత ఫొటో కాగితమే ఆయనకు ఆధారం. ఈసారి శనివారం తలా ఒక్కటే డబ్బాలో పెట్టిచ్చి, నచ్చినచోట బొమ్మ తీసి సోమవారం తెమ్మన్నాడు.

"టేపు తీసినాక మూడు నిమిషాలు. డబ్బా కదలగూడదు, మీరూ కదలగూడదు. పాడు చేసుకోని మళ్లీ అడగొద్దండి, నాకాడ లేదు."

తొమ్మిదో తరగతి జెస్సీ వాళ్లమ్మకు శ్రీసిటీ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. ఆమె కంపెనీ బస్సు దిగేసరికి ఈ పిల్ల బడికి బయల్దేరుతుంది. ఆదివారమైతే చర్చి, ఉతుకులు, వంట. అమ్మ పక్కన మూడు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, ఆ బొమ్మ తన దగ్గరుండాలి. జెస్సీ ఆశ అదొక్కటే. ఎన్నిసార్లు చెప్పిందో నాకు!

సోమవారం ల్యాబు కిటికీలకు దుప్పట్లు కట్టి ఎర్ర బల్బు వేశాం. ఆ వెలుతురులో నాకెప్పుడూ కలలో ఉన్నట్టే ఉంటుంది. మందునీళ్లలో తెల్లకాగితం వేస్తే ఎక్కణ్ణుంచో ఒక వేపచెట్టు వస్తుంది, దాని కింద మేక వస్తుంది. కదిలింది కాబట్టి మేక పొగలా ఉంటుంది. అల్లరి పిల్లలు కూడా అక్కడ గుసగుసలే.

రాజారత్నం జెస్సీ కాగితాన్ని మందునీళ్లలో వేశాడు. చూస్తుండగానే అది అంచు నుంచి అంచు దాకా నల్లబడిపోయింది.

"ఎంతసేపు తెరిసి పెట్టినావు పాపా?" రాజారత్నం గొంతు లేచింది.

"నిన్న పొద్దున తొమ్మిదింటికి తెరిసినా సార్. పోయి మాయమ్మ పక్కన కూసున్నా. నిమిషం కూడా కాలా, నా బుజం మీద తల పెట్టి నిద్రపోయింది. టేపు మూయాలంటే నేను లేయాల గదా. లేస్తే మాయమ్మకు మెలకువొస్తాది."

"మళ్ల?"

"పదకొండూ పదికి లేసింది సార్. చర్చికి కూడా పోలా."

రాజారత్నం కాగితాన్ని మెల్లగా పైకి తీశాడు. ఆ నల్లకాగితాన్ని మిగతా వాటికన్నా ఎక్కువసేపు నీళ్లలో కడిగాడు. నాకు ఏడుపొచ్చింది, చీకటి కాబట్టి బతికిపోయాను.

మర్నాడు వరండాలో బొమ్మలన్నీ దారానికి తగిలించాం. కింద చీటీల మీద ఆయన ఎప్పటిలాగే ఏది తీశారో, ఎంతసేపు తెరిచారో రాశాడు. వేపచెట్టు, మూడు నిమిషాలు. బడి గేటు, మూడు నిమిషాలు. అన్నిటికీ నడుమ నల్లకాగితం వేలాడుతోంది. దాని కింద కూడా చీటీ ఉంది.

'జెస్సీ, వాళ్లమ్మ. రెండు గంటల పది నిమిషాలు.'