మా వదినగారి ఎదురుగా కూర్చోకండి

మా వదిన సంపూర్ణమ్మగారి ఎదురుగా మాత్రం కూర్చోకండి. మీరు తల గోక్కుంటే ఆవిడా గోక్కుంటుంది. మీరు ఆవలిస్తే ఆవిడా ఆవలిస్తుంది. కావాలని కాదండీ, ఆవిడకే తెలీదు. మా ఆయన అక్కగారు గనక ఊరుకున్నాను గానీ, ఇంకెవరన్నా అయితే వెక్కిరిస్తోందని ఎప్పుడో జుట్టు పట్టుకునేదాన్ని.

ఓసారి నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు ఎక్కాం, సఖినేటిపల్లిలో పెళ్ళికి. ఎదురుగా ఒకాయన కునుకుపాట్లు పడుతున్నాడు. ఈవిడా మొదలెట్టింది. అవతలి ఒడ్డు చేరేసరికి ఇద్దరూ గుర్రు! పెళ్ళిలో మరీ ఘోరం. మగపెళ్ళివారి పెద్దావిడ మూతి తిప్పితే ఈవిడా తిప్పింది. "మమ్మల్నే వెక్కిరిస్తారా?" అని ఆవిడ లేచింది. వదినా లేచింది. ఆ గొడవ సర్దేసరికి గారెలు చల్లారిపోయాయి.

మా భవ్య దాకా రానంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉండేది. భవ్య నా కూతురు. రెండువేల మూడులో దానికి ఐదేళ్ళు. రాజమండ్రి డాక్టరుగారు ఆటిజం అన్నారు. పిలిస్తే పలకదు, మొహంలోకి చూడదు, అరుగు మీద కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది. "అమ్మ కొట్టినట్టు చప్పట్లు కొట్టమ్మా" అని నేను చేతులు వాచేలా కొట్టేదాన్ని. అది గోడకేసి చూసేది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నాతో ఆడితే చాలని మొక్కని దేవుడు లేడు.

అలాంటిది, ఓ మధ్యాహ్నం వంటింట్లోంచి వచ్చేసరికి వదిన లేసు అల్లడం ఆపేసి భవ్య ఎదురుగా ఊగుతోంది. భవ్య ఆగింది. ఆవిడా ఆగింది. భవ్య చెయ్యెత్తింది. ఆవిడా ఎత్తింది. నా కూతురు ఆవిడ మొహంలోకి చూసి కిసుక్కున నవ్వింది!

నాకు ఒళ్ళు మండిపోయింది. నవమాసాలు మోసింది నేనూ, నవ్వు ఆవిడకీనా? కుళ్ళుకుని చచ్చాననుకోండి.

"ఏం మందు పెట్టారు వదినగారూ?"

"మందేంటే? పిల్ల ఊగింది, నేనూ ఊగాను."

"పొద్దస్తమానం నేను బతిమాలుతుంటే చెయ్యదే!"

"నువ్వాడేది దాన్ని ఆడమంటావు. అదాడేది నువ్వెప్పుడన్నా ఆడావా?"

ఆ మాటకి ఆవిడ కాఫీలో పంచదార తగ్గించేశాను. చుక్క మిగల్చకుండా తాగింది. నేను మూతి ముడిస్తే తనూ ముడిచింది, అంతే.

చివరికి ఓ రోజు ఇద్దరూ ఊగుతుంటే ఉక్రోషం ఆగలేదు. వెక్కిరిద్దామని ఆవిడ పక్కనే చతికిలబడి నేనూ ఊగాను. భవ్య తొడ మీద చరుచుకుంది. నేనూ చరుచుకున్నాను. భవ్య తల తిప్పింది. నావైపు! మళ్ళీ చరుచుకుని, చేస్తానా చెయ్యనా అని చూస్తోంది. నా వెక్కిరింత ఎటు పోయిందో గానీ నేనూ చరుచుకున్నాను. నా తల్లి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. నన్ను చూసే నవ్విందండీ!

కాసేపటికి పక్కకి చూద్దును కదా, వదిన ఊగడం లేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరు కదిలినా కదలకుండా ఉండలేని మనిషి, మాకు వీపు పెట్టి, లేసు సూది పట్టుకుని, పళ్ళబిగువున అల్లుకుంటోంది. మెడ మీద చెమటలు.

"రండి వదినగారూ, మీరూ ఆడండి" అన్నాను.

"నాకు పనుందే. మీరాడుకోండి" అంది, వెనక్కి తిరక్కుండానే.

పనేం పని! ఆవేళ అల్లిన లేసంతా చిక్కులే. పైగా అరుగు మీంచి వేలాడేసిన ఆవిడ కాలి బొటనవేలు, మేం చరుచుకున్నప్పుడల్లా టక్కుటక్కున ఎగురుతూనే ఉంది.