గుడ్డు లేని రెండో భాగం

పోలీసు చర్య జరిగిన ఏడాది కొత్తగూడలో పుట్టిన వీరేశం ఇరవై ఒకటో ఏట సినిమాకు మాటలు చెప్పేవాడయ్యాడు. బాలనర్సయ్య డేరా టాకీసులో ఇంగ్లీషు బొమ్మ ఆడినప్పుడు తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి, ఏం జరుగుతోందో జనానికి తెలుగులో చెప్పడం అతని పని. ఇంగ్లీషు రాదు. వచ్చా అని ఎవరూ అడగలేదు కూడా.

ఇంగ్లీషు మాటలతో వచ్చిన మొదటి జపాన్ బొమ్మలో తాటిచెట్టును మించిన జంతువొకటి సముద్రంలోంచి లేచి పట్నాన్ని కూలగొడుతుంది. ఎందుకో వీరేశానికి అర్థం కాలేదు. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు మార్చేటప్పుడల్లా దీపం వెలిగించేవారు. ఆ సందులో జనం అతన్నే అడిగారు.

"దాని గుడ్డు ఎత్కపోయిన్రు. ఏ ఇంట్ల దాచిన్రో తెల్వక అన్ని ఇండ్లు ఇప్పి చూస్తున్నది" అన్నాడు.

నాలుగు రోజులకని వేసిన డేరా ఇరవై రోజులుంది. చివర్లో జంతువు నీళ్లలో మునిగి చచ్చిపోతే ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

మూడేళ్లకు రెండో భాగం వచ్చింది. ఈలోగా వీరేశం శేరిలింగంపల్లిలో రైల్వేలో రిటైరైన ఒక సారు దగ్గర కూర్చుని ఇంగ్లీషు నేర్చుకున్నాడు. బాలనర్సయ్య ముందే చెప్పాడు: "ఈ బొమ్మ పది దినాలు ఆడితే నిన్ను నాతోని ఊరూరు తిప్పుత. ఆడకుంటే ఇగ మైకు బందు." వీరేశానికి కావలసింది ఆ ఊరూరు తిరగడమే. తాను అందుకు తగినవాడినని చూపించాలనుకున్నాడు.

బొమ్మ మొదటి రెండు రీళ్లలో కోట్లు వేసుకున్న మనుషులు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడతారు. పాత వీరేశమైతే రెండు ముక్కల్లో దాటించేవాడు. కొత్త వీరేశం ఒక్క మాట వదల్లేదు. సముద్రం లోతు చెప్పాడు, నీళ్ల వేడి చెప్పాడు. జనం బీడీలు ముట్టించారు. అప్పుడు తెర మీది ముసలాయన ఒకడు, అప్పటి జంతువు చచ్చిపోయింది, ఇది ఆ జాతిదే ఇంకొకటి అన్నాడు. వీరేశం అదీ చెప్పాడు.

దీపం వెలిగింది. మణికొండ నుంచి నడిచొచ్చిన చంద్రమ్మ అనే పెద్దావిడ లేచి అడిగింది.

"మరి దాని గుడ్డు ఏమాయె బిడ్డా?"

"గుడ్డు లేదు పెద్దమ్మా. అప్పుడు నాకు ఇంగ్లీషు రాదు. నేనే కల్పించి చెప్పిన."

"అయితే గన్ని ఇండ్లు ఊకెనే కూలగొట్టిందా?"

వెనక నుంచి గొర్ల ఐలయ్య అన్నాడు: "మావోడు ఇంగ్లీషు నేర్సిండు, మనకు బొమ్మ పాయె."

డేరా అంతా నవ్వింది. చంద్రమ్మ మాత్రం నవ్వకుండా చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయింది. తర్వాత మంచుకొండ మీద రెండు జంతువుల పోరాటం వచ్చింది. అంత మంచి పోరాటం మొదటి దాంట్లో లేదు. సగం చాపలు ఖాళీ.

మూడో రోజు డేరా విప్పారు. "నిన్ను చదువుకొమ్మని ఎవడు చెప్పిండు ర?" అన్నాడు బాలనర్సయ్య, బండి మీద గుంజలు సర్దుకుంటూ. మైకు ఆ బండిలోనే వెళ్లిపోయింది.

తర్వాత వీరేశం రాళ్లు కొట్టాడు, ఆ రాళ్లు కొట్టిన గుట్ట పోయి అపార్టుమెంట్లు లేచాక వాటి గేటు దగ్గర కూర్చున్నాడు. ఈమధ్య అక్కడ కిరాయికుండే ఒకాయన ఆ రెండో భాగాన్ని ఫోనులో వెతికి పెట్టాడు. వీరేశం కుర్చీలో ముందుకు వంగి మొత్తం చూశాడు. మాటలు ఎక్కువన్నాడు. జంతువు వీపు మీద తోలు కుట్టు కనబడుతోందన్నాడు. కరెంటు స్తంభాలు వంగేది బాగా తీశారన్నాడు. కూలిన ఇళ్లలో వంటగిన్నెలు కూడా పెట్టారట, అప్పుడు చూసుకోలేదు.

ఆఖర్లో మొదటిదాని జాతి జంతువే గెలిచి, సముద్రంలోకి దిగబోతూ ఆగి, కొండవైపు ఒకసారి తిరిగి చూస్తుంది. ఎందుకో బొమ్మలో ఎవరూ చెప్పరు. అక్కడ ఫోను ఆపమన్నాడు.

"కల్పించనీకె జాగ గీడ ఉండె," అన్నాడు వీరేశం. "ఇది దాని పిల్లనే, గుడ్డు పగిలి ఎల్లింది అంటే అయిపోవు. ఆ పెద్దమ్మ లేవకుండ కూసునేది."