దీనమ్మ సిస్టరు బద్ధకం

లోకంలో బద్ధకస్తులు చాలామంది ఉండొచ్చు గానీ, దీనమ్మ సిస్టరు పక్కన నిలబెడితే వాళ్ళంతా గానుగెద్దులే. నర్సై ఉండి, చేతి పక్కనున్న గ్లాసు కూడా తాను తీసుకోదు. అమలాపురం మర్యాదంతా గొంతులో నింపి రోగిని అడుగుతుంది.

“కాస్త ఆ గ్లాసు అందిద్దురూ, మీకు పుణ్యముంటుంది.”

ఆ మర్యాదకు అందరికంటే ఎక్కువ బలైనవాడు రాయచోటి చిన్నపుల్లయ్య. కువైట్‌లోని ఫహాహీల్‌లో సిమెంటు బస్తాలను దిండ్లలా మోసిన మనిషి. న్యుమోనియాతో అక్కడి ఆసుపత్రిలో పడ్డాడు. అదే వారం ఇరాక్ సైన్యం కువైట్ మీద పడింది. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఇంటికి తాళం వేసి ఎటో వెళ్ళిపోయాడు. జ్వరం తగ్గాక పుల్లయ్య దుప్పటి తీసి చూసుకుంటే పిక్కలు లేవు, తొడలు లేవు. ఎముకల మీద చర్మం వేలాడుతోంది.

“ఇవి నా కాళ్ళు కాదు సిస్టరమ్మా. ఎవురివో తెచ్చి పెట్టినారు.”

“మీవేనండి. జబ్బు కండంతా తినేసింది. పడుకునే కొద్దీ మిగిలింది కూడా తినేస్తుంది. ఏదీ, కాస్త ఆ దూది అందిద్దురూ.”

పుల్లయ్య చెయ్యి చాపాడు. ఆ పూట దూది కూడా బరువే అయింది.

ఇంతలో మనవాళ్ళను బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ వైపు పంపుతారని కబురొచ్చింది. సరిహద్దు దగ్గర ఎవరి మూట వాళ్ళే మోసుకొని ఎండలో నడవాలట. పడినవాణ్ణి లేపే నాథుడుండడట.  మంచమే దిగలేని పుల్లయ్య ఎడారేం దాటుతాడు?

దీనమ్మకు అదేం పట్టినట్టు లేదు. వార్డు చివర స్టూలేసుకొని కూర్చుని, “పుల్లయ్యగారూ, ఆ కత్తెర తెచ్చిద్దురూ” అని కేకేసేది. అతను మంచాలు పట్టుకొని, గోడ పట్టుకొని, రొప్పుతూ తెచ్చేవాడు. మర్నాడు ఆ స్టూలు వరండాలో ఉండేది. ఆ తర్వాత మెట్ల దగ్గర.

“నీ కాళ్ళకేమొచ్చిందమ్మా?” అన్నాడు ఒకరోజు కడుపు మండి.

“బద్ధకమండీ. పుట్టుకతో వచ్చింది.”

తిండి కరువైన ఆ రోజుల్లో నర్సులకు తలా ఒక ఉడికించిన గుడ్డు దొరికేది. దీనమ్మ అది కూడా అతని చేతిలో పెట్టేది.

“నమలాలంటే ఒళ్ళు బరువండీ నాకు. మీరు తినేద్దురూ.”

“వల్లా, నమిలేదానికి గూడా బద్ధకమా?” అని అరబ్బుల ఒట్టు పెట్టి తిట్టుకుంటూనే పుల్లయ్య తినేవాడు.

బస్సు వచ్చిన రోజు కరెంటు లేదు, లిఫ్టు లేదు. మోసేవాళ్ళు ఎప్పుడో పారిపోయారు. దీనమ్మ తీరిగ్గా ఒక సంచీ చూపించింది.

“మీ మూటతోపాటు కాస్త ఇది కూడా దించిద్దురూ.”

మూడంతస్తులూ గొణుక్కుంటూ దిగాడు. బస్సు దగ్గరికొచ్చాక గానీ, దిగింది తన కాళ్ళతోనేనని తట్టలేదు.

వెనక్కి తిరిగి చూసి బిగుసుకుపోయాడు. కాలు విరిగి పక్క వార్డులో ఉన్న జుబేదా బీని వీపున వేసుకొని, తొణకకుండా బెణకకుండా దీనమ్మ మెట్లు దిగి వస్తోంది. పుల్లయ్యకు బరువుల సంగతి తెలుసు. కండ పుష్టిగా ఉన్న రోజుల్లో కూడా తనవల్ల అయ్యే పని కాదది. గ్లాసు అందుకోలేని మనిషి!

“నన్ను గూడా ఇట్లే ఎత్తుకోని రావచ్చు గదమ్మా?” అన్నాడు, ఆవిడ ముసలమ్మను సీట్లో కూర్చోబెట్టి వచ్చాక.

“ఆవిడకు దారి పొడుగునా ఎత్తుకోవడానికి కొడుకు జిలానీ బాషా ఉన్నాడండి. మీకెవరున్నారు?”

కత్తెర, స్టూలు, గుడ్లు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి పుల్లయ్యకు. ఇంత కాలం తనను మోసింది ఈవిడేనా అని నోరు తెరిచి చూశాడు. సంచీ చేతికివ్వబోతే ఆవిడ తీసుకోలేదు.

“మీ మందులూ, రొట్టెలేనండి అందులో ఉన్నవి. మోసుకెళ్దురూ.”

“నువ్వు గూడా రామ్మా.”

“అమ్మో, అంత దూరమే? బద్ధకమండీ నాకు.”

పైన ఇంకా మంచాలు ఖాళీ కాలేదు. దీనమ్మ రెండేసి మెట్లు ఒక్కో అంగలో ఎక్కుతూ వెళ్ళిపోయింది.

“ఇంత సోమరిదాన్ని నా జల్మలో చూళ్ళేదు” అన్నాడు పుల్లయ్య నవ్వుతూ, జిలానీ బాషా పక్కన కూర్చుని. సంచీ మాత్రం ఒళ్ళోంచి దించలేదు.