వాటీ మెల్డ్రమ్ కలిపిన వరసలు

మా డ్రమ్‌లాకీ పల్లెలో వాటీ మెల్డ్రమ్‌కి చుట్టం కాకుండా తప్పించుకున్నవాడు లేడు. మనిషి ఎదురైతే చాలు, ఆయనకి వరస కలపాలి. "బాగున్నారా?" అని అడగడు. మా వైపు వాన గురించి నాలుగు ముక్కలు మాట్లాడకుండా అసలు సంగతికి రావడం మర్యాద కాదు. ఆ మర్యాదా పాటించడు. మొహంలోకి ఒకసారి చూసి, టోపీ వెనక్కి నెట్టి, "మీ నాన్నమ్మ పుట్టింటి పేరేమిటి?" అంటాడు. అంతే. కప్పులో టీ చల్లారే లోపల మీరు ఆయనకి మేనమామో, పెదతాత మనవడో అయిపోతారు.

నా సంగతే చూడండి. పెళ్ళయి ఆయన పక్క పొలానికి కాపురానికొచ్చిన రోజున, ఇంకా బండిలోంచి పెట్టెలు దించుతుండగానే ఆయన రాతిగోడ దూకి వచ్చేశాడు. నేనప్పుడు చిన్నపిల్లని. ఆయనకి యాభై పైమాటే. అడగాల్సింది అడిగి, గోడ మీద కూచుని వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుని, ఉన్నట్టుండి లేచి టోపీ తీశాడు.

"నువ్వు నాకు అత్తవి," అన్నాడు.

"నేనా? మీకా?"

"మా ముత్తాతా, మీ తాతా అన్నదమ్ముల బిడ్డలు. వయసు చూడకు అత్తా, తరం చూడు."

ఆనాటి నుంచి సంతలోనూ, చర్చిలోనూ, నలుగురిలోనూ నేను ఆయనకి అత్తనే. మా ఆయన్ని "మామయ్యా" అనేవాడు. మా ఆయనకది తెగ నచ్చింది. పెద్దరికం ఊరికే వస్తే ఎవరికి చేదు?

వాటీ పెళ్ళి చేసుకోలేదు. కొన్ని ఆవులు, కాసిని గొర్రెలు, ఒక కుక్క. మనిషి పొడుగ్గా, సన్నగా, ఎండిన జొన్నదంటులా ఉండేవాడు. కోటు జేబుల్లో ఒకదాంట్లో ఓట్ రొట్టెలు, ఇంకోదాంట్లో పెన్సిళ్ళు. వంటింటి గోడల నిండా ఆయన గీసిన వంశవృక్షాలే. గోడలు చాలక తలుపు మీద కూడా అతికించాడు. తలుపు తీస్తే మచ్ వాళ్ళ వంశం రెండుగా చీలిపోయేది. "కాస్త మెల్లిగా తీయండి, అక్కడ కవలపిల్లలున్నారు," అనేవాడు.

ఏడాదికోసారి ఆవుల్ని మాకు అప్పగించి ఎడింబరో రైలెక్కేవాడు. దేశంలో పుట్టినవాళ్ళవీ, పెళ్ళయినవాళ్ళవీ, పోయినవాళ్ళవీ పేర్లన్నీ అక్కడి పెద్ద రికార్డుల కచేరీలో భద్రంగా ఉంటాయి. వారంరోజులు ఆ పుస్తకాల్లో తల దూర్చి, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని తిరిగొచ్చేవాడు. దిగీ దిగగానే స్టేషనులోంచే కేకలు. "పోర్టరు బాబూ! మీ జేమ్సు తాత దొరికాడయ్యా! మీరంతా అనుకున్నట్టు సముద్రంలో పోలేదు. పైఊళ్ళో ఇంకో పెళ్ళి చేసుకుని హాయిగా బతికాడు!"

పోర్టరుకి ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు.

ఒకసారి సంజెవేళ వాటీ లైటు లేకుండా ట్రాక్టరు నడుపుతుంటే కొత్తగా వచ్చిన కానిస్టేబులు ఆపాడు. పేరు రాసుకోవడానికి అతను పెన్ను తీసేలోపల వాటీ తన ప్రశ్న వేశాడు. కాసేపటికి మా ఆయన అటుగా వెళ్తే, కానిస్టేబులు తన టార్చి లైటు పట్టుకుని ట్రాక్టరు ముందు నడుస్తున్నాడట. వెనక నుంచి వాటీ, "కాస్త ఎడమకి, బావా!" అంటున్నాడట.

పాత సమాధుల రాళ్ళ మీద అక్షరాలు అరిగిపోయి, పొద్దు వాలి పక్కనుంచి వెలుగు పడితే గాని కనబడవు. అందుకని వాటీ ఆ వేళకి వెళ్ళి గడ్డిలో బోర్లా పడుకుని చదివేవాడు. ఓ సాయంత్రం గెడెస్ గారి విధవరాలు మొగుడి సమాధి మీద పూలు పెట్టుకోడానికి వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే పక్క సమాధిలోంచి లేచినట్టు ఒక ఆకారం లేచి, "మీ ఆయన తల్లి మచ్ వాళ్ళ ఆడపిల్ల కదూ?" అంది.

మర్నాడు నుదుటికి కట్టుతో మా ఇంటికొచ్చాడు.

"ఏమైంది వాటీ?"

"పూలకుండీతో కొట్టింది అత్తా," అన్నాడు పరమానందంగా. "కానీ అవునని ఒప్పుకుంది!"

ఆయన పరిశోధనలు ఊరికి మేలు చేశాయని మాత్రం చెప్పలేను. జార్డీ రఫన్, చార్లీ ఇమ్లా గట్టు తగాదాతో మొహాలు చూసుకోవడం మానేసి చాలాకాలమైంది. వాళ్ళిద్దరూ అన్నదమ్ముల బిడ్డల బిడ్డలని తేల్చి, వాటీ ఇద్దర్నీ సంతలో ఎదురెదురుగా నిలబెట్టాడు. కౌగలించుకుంటారని ఎదురుచూశాడు పాపం.

"చుట్టానివా?" అన్నాడు జార్డీ. "ఇన్నాళ్ళూ పరాయివాడని ఊరుకున్నా!" అని టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఆ రోజు వాళ్ళని విడదీయడానికి సంత సంతంతా కావాల్సొచ్చింది.

మా మహిళాసంఘంలో ఆయన ఉపన్యాసమూ అలాగే అయింది. ప్రెసిడెంటు ఫార్కర్ అమ్మగారికి తమది గొప్ప జమీందారీ వంశమని గట్టి నమ్మకం. వాటీ లేచి, పాత చర్చి రికార్డుల ప్రకారం ఆవిడ ముత్తాత గుడ్డి గుర్రాన్ని అమ్మినందుకు అందరిముందూ బల్లెక్కించి చీవాట్లు పెట్టారని చదివాడు. 

"అబద్ధం!" అని ఆవిడ కేక పెట్టింది. "అది గుడ్డిది కాదు! ఒంటికన్నుది!"

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. అప్పుడు గాని ఆవిడకి తను ఏమన్నదో తెలియలేదు. ఆ తరవాత మేం నవ్విన నవ్వుకి స్కోన్ రొట్టెలు గొంతుకడ్డం పడి ఇద్దరికి వీపు మీద చరచాల్సొచ్చింది.

ఇలా అందర్నీ వేధించే మనిషి ఒక్కరి జోలికి మాత్రం పోయేవాడు కాదు. నెట్టీ కెయిర్న్స్.

నెట్టీ బడిలో పిల్లలకి వంట చేసేది. గట్టి మనిషి, గట్టి నోరు. ఆవిడ గరిటె చూపిస్తే హెడ్మాస్టరు కూడా కిక్కురుమనకుండా ముల్లంగి కూర తినేసేవాడు. ఆవిడ ఈ ఊళ్ళో పుట్టలేదు. తల్లీతండ్రీ లేని గ్లాస్గో పిల్లల్ని పల్లెల్లో పొలాల మీద ఇళ్ళకి పంపి పెంచే రోజుల్లో, ఊహ తెలియని వయసులో మెడలో పేరు రాసిన అట్టముక్కతో రైలు దిగిందట. పెంచినవాళ్ళు మంచివాళ్ళే. వాళ్ళూ పోయారు. 

ఒకనాడు మా వంటింట్లో జామ్ కాస్తూ ఉండగా నెట్టీ ఉన్నట్టుండి గరిటె పక్కన పెట్టేసింది.

"మేజీ, నేనేమైనా కంపు కొడుతున్నానా?"

"అదేం మాట!"

"వాటీ చేపల బండివాడికి ముత్తాతని వెతికిపెట్టాడు. తన కుక్కకి తాతముత్తాతల్ని రాసి గోడకి అతికించాడు. నన్ను చూస్తే మాత్రం 'వాన పడేలా ఉంది నెట్టీ' అని తప్పుకుపోతాడు. నాకెవరూ లేరని ఊరందరికీ తెలుసు. అయినా మాటవరసకైనా అడగొచ్చు కదా. తెలీదని చెప్పేదాన్ని. కుక్కపాటి చెయ్యనా నేను?"

జామ్ అడుగంటింది. మేమిద్దరం చూసుకోలేదు.

నాకు ఒళ్ళు మండిపోయి ఆ సాయంత్రమే గోడ దగ్గర వాటీని నిలదీశాను. "ఊరందరికీ వరస కలుపుతావు, నెట్టీని ఒక్కదాన్నే ఎందుకు వెలేశావు?"

వాటీ చెవులు ఎర్రబడ్డాయి. టోపీ ముందుకి లాక్కున్నాడు, వెనక్కి నెట్టాడు. ఆకాశం కేసి చూశాడు.

"వాన పడేలా ఉంది అత్తా," అన్నాడు.

ఆకాశంలో చేరెడు మబ్బు కూడా లేదు.

ఆ తరవాతి వసంతంలో వాటీ ఎర్రావుకి ఈత కష్టమైంది. దూడ అడ్డం తిరిగింది. పొద్దున్నే పశువుల డాక్టరుకి కబురు పెడితే పాత డాక్టరుకి బదులు ఒక అమ్మాయి వచ్చింది. కిందటి వారమే పడమటి నుంచి ఉద్యోగానికి వచ్చిందట. వచ్చీ రాగానే చేతులు కడుక్కుని, భుజం దాకా చెయ్యి ఆవు లోపలికి పెట్టింది. వాటీ, నేనూ తాడు పట్టుకుని వెనక నిలబడ్డాం.

"నేను చెప్పినప్పుడు లాగండి," అంది డాక్టరమ్మ, చెంప ఆవు తొడకి ఆనించి.

"అలాగేనమ్మా," అన్నాడు వాటీ. "మీ నాన్నమ్మ పుట్టింటి పేరేమిటి?"

"వాటీ!" అన్నాను.

"ఏమిటీ? కాలు దొరికింది… మా నాన్నమ్మా? గిల్‌ఫిలన్ వాళ్ళు. లాగండి!"

వాటీ తాడు వదిలేశాడు. నేనొక్కదాన్నే లాగడంతో పట్టు తప్పి వెనక్కి పేడలో కూలబడ్డాను. నన్ను లేపాలనే ధ్యాస కూడా ఆయనకి లేదు.

"ఏ వాళ్ళన్నావు?"

"గిల్‌ఫిలన్. తాడు పట్టుకోండి ముందు! మా నాన్నకి ఆ పేరంటే ప్రాణం. నాకు మధ్య పేరుగా పెట్టాడు. ఆగ్నెస్ గిల్‌ఫిలన్ రెన్నీ. మా నాన్నమ్మ పేరు కూడా ఆగ్నెసే."

"మీ నాన్న పుట్టినప్పటి ఇంటిపేరు రెన్నీ కాదు," అన్నాడు వాటీ. "రాబర్ట్ కెయిర్న్స్. గ్లాస్గోలో పుట్టాడు."

డాక్టరమ్మ ఆవు మీంచి తల ఎత్తింది. చెయ్యి మాత్రం లోపలే ఉంది. "మీకెలా తెలుసు? పెంచిన వాళ్ళు తమ పేరు పెట్టుకున్నారు. ఆ పాత పేరు మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలీదు!"

"ఆయనకో చెల్లెలుండాలి."

"ఉండేది. చిన్నప్పుడే కెనడా పంపేశారని చెప్పారట. ఇప్పటికీ ఎవరైనా కెనడా మాటెత్తితే నాన్న లేచి బయటికి వెళ్ళిపోతాడు."

"కెనడా కాదమ్మా," అన్నాడు వాటీ. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. "ఈ కొండ దిగితే బడి. ఆ బడి వెనక వంటిల్లు."

ఆవు గట్టిగా అరిచింది. ఎవరికెవరైనా, నా సంగతి చూడండన్నట్టుంది. ముగ్గురం తాడు పట్టుకుని, ఏడుస్తూ, నవ్వుతూ, తిట్టుకుంటూ లాగాం. దూడ బయటపడి తుమ్మింది. 

ఇంకేం ఉంది, డాక్టరమ్మ కారు కొండ దిగుతున్నంతసేపూ వాటీ నోరు ఆగలేదు. నెట్టీ పుట్టుక రికార్డు ఎప్పుడో దొరికిందట. తల్లి ఆగ్నెస్ గిల్‌ఫిలన్ అని తెలిసింది, అన్న ఒకడున్నాడని తెలిసింది. కానీ అన్నని పెంచినవాళ్ళు పేరు మార్చి పడమటికి వెళ్ళిపోయారు. అక్కడితో జాడ ఆగిపోయింది.

"పేరు మారిన మనిషి రికార్డుల్లో కనబడడు అత్తా. కానీ వాడికి పిల్లలుంటే, వాళ్ళ నాన్నమ్మ పుట్టింటి పేరు మారదుగా? అందుకే అడుగుతూ వచ్చాను. చేపల బండివాణ్ణి, పోలీసుని, పళ్ళు పీకే డాక్టర్ని, రైల్లో ఎదురుగా కూచున్నవాళ్ళనీ. ఊళ్ళోవాళ్ళని అడగడం నా సరదా. పైవాళ్ళని అడగడం పని."

"మరి నెట్టీకి ఒక్క ముక్క చెప్పలేకపోయావా? ఎంత బాధపడిందో తెలుసా?"

"ఏం చెప్పను? ఉన్నాడని చెప్పి, చూపించలేకపోతే? ఇక అడగడమంటావా, ఏం అడగను? తెలీదని ఆవిడ నోటితో చెప్పించడానికా?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను.

మేం వెళ్ళేసరికి నెట్టీ పిల్లలకి బార్లీ సూప్ వడ్డిస్తోంది. పేడ కొట్టుకుపోయిన ముగ్గుర్ని చూసి గరిటె ఎత్తింది.

"ఆ బూట్లతో నా వంటింట్లోకా! బయటికి!"

వాటీ టోపీ రెండు చేతుల్లో నలిపి నలిపి, చివరికి తనకి వచ్చిన ఒక్క ప్రశ్నే అడిగాడు.

"నెట్టీ… మీ అమ్మ పుట్టింటి పేరేమిటి?"

నెట్టీ మొహం పాలిపోయింది. "ఇప్పుడా? అందరిముందా? నాకు తెలీదు వాటీ మెల్డ్రమ్, నీకు బాగా తెలుసు నాకు తెలీదని!"

"నాకు తెలుసు," అన్నాడు వాటీ. "గిల్‌ఫిలన్. ఇదిగో, ఈ పిల్ల నీ మేనకోడలు."

గరిటె సూప్‌లో పడిపోయింది. డాక్టరమ్మ బూట్లు విప్పకుండానే వెళ్ళి ఆవిణ్ణి పట్టుకుంది. ఆ పూట పిల్లలకి రెండోసారి సూప్ వడ్డించింది హెడ్మాస్టరే.

ఆదివారం రాబర్ట్ రెన్నీ వచ్చాడు. దిట్టమైన మనిషి, పెద్ద చేతులు. నెట్టీ వాకిట్లో నిలబడింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ చెట్టంత మనుషులు చిన్నపిల్లల్లా సిగ్గుపడ్డారు. రాబర్ట్ గొంతు సవరించుకున్నాడు.

"నా కొయ్యగుర్రం తోక పీకింది నువ్వే," అన్నాడు.

"నేనా? అది రావడమే తోక లేకుండా వచ్చింది!" నెట్టీకి అంత చిన్నప్పటి సంగతి గుర్తుండే వీల్లేదు. అయినా తగ్గలేదు.

"నువ్వే! నోట్లో పెట్టుకుని నమిలావు కూడా!"

అలా పోట్లాడుకుంటూనే ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళారు. వాటీ, నేనూ రాతిగోడ దగ్గరే ఉండిపోయాం. మనకెందుకులే అని ఆయన ఇంటి దారి పట్టబోతుంటే కిటికీ తెరుచుకుంది.

"ఎక్కడికయ్యా వెళ్తావు?" అని నెట్టీ అరిచింది. "మాంసం కూర చల్లారుతోంది. మేజీ, నువ్వు కూడా రా. ఆ బూట్లు బయట!"

బల్ల దగ్గర వాటీని తన పక్కనే కూచోబెట్టి, పళ్ళెం నిండా పెట్టింది. రాబర్ట్ ఆయన కేసి చూసి, "ఈయన మనకేమవుతారు?" అని చెల్లెల్ని అడిగాడు.

"మనవాడు," అంది నెట్టీ. "తిననివ్వు."

తరాలు లెక్కపెట్టి సరిచేస్తాడేమోనని నేను వాటీ వైపు చూశాను. ఆయన తల వంచుకుని, బంగాళాదుంపలు రెండు బుగ్గల నిండా కుక్కుకుని, ఇంకొంచెం పులుసు కోసం పళ్ళెం ముందుకి జరిపాడు.