రాతినూక కలిపిన సున్నం

వేంపల్లె బేల్దారి ఓబులేషు చదివింది ఐదో తరగతి. పాత గోడలు విప్పి, మళ్లీ కట్టి సున్నం పని నేర్చుకున్నాడు. రాయి కంటే గట్టిగా ఉండే సున్నం పెట్టకూడదనేది ఆయన పట్టుదల.

బట్టల వ్యాపారి తిరుమలయ్య అంగడి నూరేళ్లు దాటిన నాపరాతి కట్టడం. పదేళ్ల కిందట ఎవరో దాని సందుల్లో సిమెంటు పూశారు. సిమెంటు చెక్కుచెదరలేదు, పక్కనున్న రాళ్లే పొరలు పొరలుగా రాలుతున్నాయి. తేమ సిమెంటులోంచి పోలేక రాతిలోంచి బయటికి వస్తోందని ఓబులేషు చెప్పాడు. గోడ మొత్తం అప్పగించే ముందు తిరుమలయ్య మూరెడు చోటు చూపించి, ముందు అక్కడ సున్నం పెట్టమన్నాడు.

వారం తిరిగేసరికి ఆ మూరెడూ పగుళ్లిచ్చింది.

"ఏమప్పా ఓబులేషూ, సున్నం సున్నం అంటివి. ఇది నా అరికాలు మాదిరి ఉండాదే!" అన్నాడు తిరుమలయ్య. "సోమవారం సిమెంటోళ్లను రమ్మంటాండా."

"ఇంకో మూరెడు ఇయ్యి సామీ. అదీ పగిలితే వాళ్లకు నేనే తట్టలందిస్తా."

"తట్టలు మోసే వయసా నీది? సరే, పది దినాలు ఆపుతా. అంతే."

మొదటి మూరెడుకు ముందు, గోడలోని పాత సున్నం పెళ్లను గాజుగ్లాసులో వేసి, బాత్‌రూము కడిగే యాసిడ్ పోసి చూశాకే ఓబులేషు పాళ్లు నిర్ణయించుకున్నాడు. సున్నం పొంగి కరిగిపోగా అడుగున చిటికెడు ఇసుకే మిగిలింది. అందుకే ఇసుక తగ్గించి, సున్నం ఎక్కువ వేశాడు. ఇప్పుడు గోడ కింద రాలిన రాతిపెచ్చును కూడా యాసిడ్‌లో వేశాడు. అదీ బుసబుసా పొంగింది.

ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నాపరాయీ సున్నపు జాతిదే. పాతవాళ్లు ఇసుకతో పాటు ఆ రాతినూక కూడా కలిపారు. యాసిడ్ సున్నంతో పాటు దాన్నీ తినేసింది. నూక లేక, సున్నం ఎక్కువై తన మూరెడు పగిలింది.

ఈసారి పెళ్లను చెక్కసుత్తితో మెల్లగా నలిపి, జల్లెడ పట్టి, గింజలు చూశాడు. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుకా రాతినూకా కలిపాడు. రెండో మూరెడులో సందులు తడిపి ఆ సున్నం కూరాడు. తడి గోనె కప్పి, పూటపూటా నీళ్లు చల్లాడు.

తొమ్మిదో రోజు తిరుమలయ్య గోనె తీసి, తాళంచెవితో గీకాడు. పగుళ్లు లేవు గానీ గీత పడింది.

"గీత పడతాండాదే?"

"పడల్ల సామీ. అరిగేదేదో ఇది అరిగితే రాయి నిలబడుతుంది."

తిరుమలయ్య కాసేపు గోడను తడిమి, ఫోను తీసి సిమెంటోళ్లను రావద్దన్నాడు. "ఎన్ని దినాలు పడుతుందప్పా?"

"ఆ సిమెంటంతా ఉలితోనే తియ్యల్ల. నాలుగు నెలలు."

"నాలుగు నెలలా! అంగడి తియ్యొద్దా ఏమి?"

"తీసుకో. చీరల మింద దుప్పట్లు కప్పుకో, దుమ్ము శానా లేస్తాది."